తరగతి గ్రూపులో వేధింపు: బడి చేయవలసింది, ఇల్లు చేయవలసింది

విద్యార్థుల మధ్య సాగే సైబర్ వేధింపు చాలావరకు ముక్కూమొహం తెలియనివారి పని కాదు. ఒకే తరగతిలోనో, ఒకే స్కూలు బస్సులోనో, ఒకే ట్యూషన్‌లోనో ఉన్న పిల్లల మధ్య పగలు మొదలైన వెక్కిరింత సాయంత్రానికి ఫోన్లలోకి చేరుతుంది. జానా జువొనెన్, ఎలిషెవా గ్రాస్ 2008లో ప్రచురించిన అమెరికా అధ్యయనం ఈ సంగతినే చూపింది. అందులో 12–17 ఏళ్ల వయసున్న 1,454 మంది పాల్గొన్నారు. ఏడాదిలో ఒక్కసారైనా ఆన్‌లైన్‌లో వేధింపు ఎదురైందని 72 శాతం మంది చెప్పగా, వారిలో 85 శాతం మంది బడిలోనూ వేధింపుకు గురైనవారే. వీరంతా ఒక వెబ్‌సైటు ద్వారా చేరినవారు కాబట్టి ఈ శాతాలను తెలుగు పిల్లలకు యథాతథంగా అన్వయించలేం. అయినా, గేటు బయట జరిగినదానితో తమకు సంబంధం లేదని బడి చెప్పే మాట నిలవదని గ్రహించడానికి ఇది చాలు.

వేధింపును నిర్వచించిన నార్వే శాస్త్రవేత్త డాన్ ఓల్వియస్ మూడు లక్షణాలు చెప్పాడు: బాధపెట్టాలన్న ఉద్దేశం, పదేపదే జరగడం, ఇద్దరి మధ్య బలాబలాల్లో తేడా. ఫోన్లో ఈ లెక్క కొంత మారుతుంది. ఒక పిల్లవాడు నిద్రలో నోరు తెరుచుకుని ఉన్నప్పుడు తీసిన ఫోటోను తోటివాడు వాట్సాప్ స్టిక్కర్‌గా మార్చాడనుకుందాం. చేసింది ఒక్కసారే. కానీ గ్రూపులో ఎవరు ఏ జోకు వేసినా కింద ఆ స్టిక్కరే పడుతుంది. పది రోజులకు అది పక్క సెక్షన్‌కు చేరుతుంది. ఇక్కడ పదేపదే చేస్తున్నది మొదటివాడు కాదు, చూసి నవ్వి ముందుకు పంపినవారు. ఆ తరువాత బాధితుణ్ణి తప్పించి అదే తరగతి పేరుతో రెండో గ్రూపు మొదలైతే, అందులో తన గురించి ఏం నడుస్తోందో వాడికి తెలిసే వీలు కూడా ఉండదు. అడిగితే వచ్చే జవాబు ఒక్కటే, ‘సరదాకి చేశాం సార్’.

పెద్దల స్పందన ఎక్కడ దెబ్బతింటోందో పై అధ్యయనమే సూచిస్తుంది. అందులో పాల్గొన్నవారిలో 90 శాతం మంది విషయాన్ని పెద్దలకు చెప్పలేదు. తమ సంగతి తామే చూసుకోవాలనుకున్నవారు సుమారు సగం. చెబితే ఇంట్లో ఇంటర్నెట్ కట్టడి చేస్తారని భయపడినవారు దాదాపు మూడో వంతు. తెలుగు ఇళ్లలో ఈ భయానికి ఆధారం వెతకనక్కర్లేదు. బిడ్డ ఏడుస్తూ చెప్పగానే ‘అసలు నీకు ఫోనెందుకు’ అన్న మాటే ముందు వస్తుంది, ఫోను బీరువాలోకి వెళ్తుంది. ఆడపిల్లయితే చదువు మాన్పించే దాకా పోవచ్చు. శిక్ష పడింది బాధితురాలికి. రెండోసారి ఆమె చెప్పదు, చూసిన చెల్లెలూ చెప్పదు.

కాబట్టి తల్లిదండ్రులు మొదట చేయవలసింది పూర్తిగా వినడం, ఫోను లాక్కోబోమని మాట ఇవ్వడం. తరువాతది సాక్ష్యం. బ్లాక్ చేసే ముందే తేదీ, సమయం, పంపినవారి నంబరు లేదా ప్రొఫైల్ పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయాలి. కోపంతో గ్రూపంతా డిలీట్ చేస్తే రేపు చూపించడానికి ఏమీ మిగలదు. అవతలి పిల్లవాడి ఇంటికి ఆవేశంగా ఫోన్ చేస్తే పిల్లల గొడవ పెద్దల గొడవ అవుతుంది. బడి ద్వారా మాట్లాడటమే మేలు.

అశ్లీల చిత్రాల విషయంలో మాత్రం జాగ్రత్త వేరు. పిల్లల అశ్లీల చిత్రాన్ని పంపడమే కాదు, డౌన్‌లోడ్ చేయడం కూడా ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం. ‘సాక్ష్యం కోసం’ అంటూ ఆ చిత్రాన్ని టీచర్ల గ్రూపులో పెట్టే ఉపాధ్యాయుడు వేధింపును తానే కొనసాగిస్తున్నట్టు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలపాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిపెడితే ఏడాది వరకు జైలు. లైంగిక ఉద్దేశంతో పిల్లల శరీర చిత్రాన్ని బయటపెడతామని బెదిరిస్తే, ఆ చిత్రం కల్పించినదైనా సరే, అదే చట్టం వర్తిస్తుంది. కనుక మార్ఫింగ్ ఫోటో ‘నిజం కాదు కదా’ అని కొట్టిపారేయడానికి లేదు. పేరు బయటికి వస్తుందన్న భయంతో చాలా కుటుంబాలు ఆగిపోతాయి. కానీ పిల్లల గుర్తింపును మీడియా వెల్లడించకూడదని పోక్సో, బాల న్యాయ చట్టాలు రెండూ చెబుతున్నాయి. చిత్రం వ్యాపించకుండా ఆపడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. అది ఫోన్లోనే చిత్రానికి ఒక డిజిటల్ ముద్ర తయారుచేసి ఆ ముద్రను మాత్రమే పంపుతుంది, చిత్రం ఫోను దాటి వెళ్లదు. ఫిర్యాదుకు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్, సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉన్నాయి.

ప్రతి తగాదానూ పోలీసు స్టేషన్‌కు తీసుకెళ్లాలని కాదు. నొప్పించే సందేశాలపై కేసులు పెట్టడానికి వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. ఆ తరువాతా దాని కింద కేసులు నమోదవుతున్నాయని తెలిసి 2021లో ఆ కోర్టే ఆశ్చర్యపోయింది. వెక్కిరింతల స్థాయి వ్యవహారాలకు తగిన చోటు బడే. సీబీఎస్‌ఈ 2015లోనే వేధింపు నిరోధక కమిటీలు ఏర్పాటు చేయాలని మార్గదర్శకాలు ఇచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం, విద్యార్థిని అవమానించే, భయపెట్టే చర్యలను ర్యాగింగ్‌గానే చూస్తుంది. ఫిర్యాదుపై చర్య తీసుకోని విద్యాసంస్థ అధిపతిని నేరానికి తోడ్పడినవాడిగా పరిగణిస్తుంది.

విచారణ తీరులోనే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. ఇద్దరినీ ప్రిన్సిపల్ గదిలో ఎదురెదురుగా నిలబెట్టి, సారీ చెప్పించి, చేతులు కలిపించడం బడులకు అలవాటైన పద్ధతి. బలాబలాల్లో తేడా ఉన్నచోట దీన్ని రాజీ అనలేం. బాధితుడు బయటికి వచ్చి అదే బెంచీలో కూర్చోవాలి. టీసీ ఇచ్చి పంపేస్తామన్న బెదిరింపు సమస్యను ఇంకో బడికి మారుస్తుంది, అంతే. ఫిన్లండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయంలో క్రిస్టీనా సాల్మివల్లి బృందం రూపొందించిన, 2009 నుంచి ఆ దేశమంతటా అమలైన ‘కివా’ కార్యక్రమం వేరే దారి పట్టింది. శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ముందు బాధితుడితో, తరువాత వేధించిన ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడతారు. తరగతిలో పలుకుబడి ఉన్న ఇద్దరు ముగ్గురు పిల్లలను పిలిచి, బాధితుడికి అండగా ఉండమని అడుగుతారు. కొద్ది రోజుల తరువాత మళ్లీ అందరినీ కలిసి, ఏం మారిందో చూస్తారు. దీని ఫలితాలు అద్భుతాలేమీ కావు, ఓ మోస్తరువి. కానీ చూసి నవ్వేవారిని లెక్కలోకి తీసుకోవడంలోనే దీని బలం ఉంది. స్టిక్కర్ ఉదాహరణలో నలభై మందిలో ఇద్దరు ‘ఇక చాల్లేరా’ అని రాస్తే చాలు, మూడోవాడు పంపడానికి వెనకాడతాడు.

ఫోను నిషేధం మీద బడులు పెట్టుకున్న ఆశ అతిగా ఉంది. ఫోన్లు అనుమతించని రెసిడెన్షియల్ కళాశాలల పిల్లలు కూడా సంక్రాంతి, దసరా సెలవులకు ఇంటికి చేరగానే గ్రూపులు తెరుస్తారు. హాస్టల్లో మిగిలిపోయిన కక్షలు అక్కడ తీరుతాయి. సెలవులకు పంపే ముందు వార్డెన్ ఒక అరగంట దీని గురించి మాట్లాడటం, సెలవుల్లో ఫిర్యాదు ఎవరికి చెప్పాలో ఒక పేరు, ఒక నంబరు చేతికివ్వడం ఖర్చు లేని పని. తిరిగి వచ్చిన మొదటి వారంలో భోజనాల దగ్గర ఎవరు ఒంటరిగా కూర్చుంటున్నారో చూడటం కూడా అంతే.

వేధించిన పిల్లవాడి ఇంటి గురించి తక్కువ మాట్లాడుకుంటాం. బడి నుంచి ఫోన్ వచ్చినప్పుడు ‘మావాడు అలాంటివాడు కాదు’ అనో, ఇంటికి రాగానే బెల్టు తీసో తల్లిదండ్రులు స్పందిస్తారు. రెండింటిలోనూ పిల్లవాడు తాను చేసినదాన్ని చూడడు. ఆ స్టిక్కర్‌ను తన ఫోన్లోంచి తీసేయించడం, పంపిన ప్రతి గ్రూపులోనూ తీసేయమని వాడి చేతే రాయించడం, కొన్ని వారాల పాటు ఫోను హాల్లోనే వాడేలా చూడటం వంటి పనులు బాధితుడికి కూడా నిజంగా పనికొస్తాయి. ఒకప్పుడు వేధింపుకు గురైనవారే మరోచోట వేధిస్తున్న సందర్భాలు పరిశోధనల్లో తరచూ కనిపిస్తాయి కాబట్టి, ఆ పిల్లవాణ్ణి కౌన్సెలర్ వేరుగా కూర్చోబెట్టి, వాడికి ఎవరు ఏం చేశారో కూడా అడగాలి.