పట్టా తరువాతి చదువు: బ్రిటన్‌లో మర్దన చికిత్సా విద్య (1894–2006)

సారాంశం

నొప్పికీ గాయానికీ చేసే మర్దన బ్రిటన్‌లో ఒక వృత్తివిద్యగా రూపొందిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వృత్తిలో ప్రవేశించినవారు పొందే తదుపరి శిక్షణకు నైపుణ్యాన్ని మెరుగుపరచడం ఒక్కటే ప్రయోజనం కాలేదనీ, రోగి శరీరంపై చెయ్యి వేసే ముందు నిర్ణయం ఎవరిదన్న ప్రశ్నతో అది మొదటి నుండీ ముడిపడి ఉందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మర్దన చికిత్స, ఫిజియోథెరపీ, నిరంతర విద్య, వృత్తి స్వయంప్రతిపత్తి, జేమ్స్ సిరియాక్స్

1. ఉపోద్ఘాతం

వృత్తివిద్యల చరిత్రలో సాధారణంగా కళాశాలల స్థాపన, పాఠ్యప్రణాళిక, పట్టాలు అనే మూడు అంశాలపైనే దృష్టి నిలుస్తుంది. పట్టా పుచ్చుకున్న తరువాత ఆ వృత్తిలోనివారు ఏమి నేర్చుకున్నారు, ఎవరి వద్ద నేర్చుకున్నారు, ఆ చదువు వారి అధికారాన్ని ఎలా మార్చింది అన్న ప్రశ్నలు వెనుకబడతాయి. మర్దన వంటి చేతిపని విషయంలో ఇవే ప్రధానమైన ప్రశ్నలు. చేతికి కావలసిన పట్టును పరీక్షకు ముందే కొంత అలవరచుకోవచ్చు. ఏ నొప్పికి చెయ్యి వేయాలి, ఏ నొప్పికి వేయరాదు అన్న వివేకం మాత్రం చాలావరకు రోగుల మధ్యనే అలవడుతుంది. ఆ వివేకం ఎవరికి ఉండాలన్న దానిపై బ్రిటన్‌లో దాదాపు ఒక శతాబ్దం పాటు వివాదం సాగింది.

2. పూర్వరంగం

ఆధునిక మర్దన చికిత్సకు యూరప్‌లో రెండు మూలాలు స్పష్టంగా కనిపిస్తాయి. పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోమ్‌లో నెలకొల్పిన జిమ్నాస్టిక్స్ విద్యాసంస్థ మొదటిది. ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుడు యోహాన్ గెయోర్గ్ మెజ్గర్ కృషి రెండవది. మెజ్గర్ 1868లో సమర్పించిన సిద్ధాంతవ్యాసం చీలమండ బెణుకును రుద్దుడుతో నయం చేయడం గురించినదే. అనంతరం ఫ్రాన్స్‌లో శస్త్రవైద్యుడు జుస్ట్ లుకా-షాంపియోనియేర్, విరిగిన ఎముకను కదలకుండా కట్టి ఉంచడమే ఏకైక మార్గమన్న నాటి అభిప్రాయాన్ని ఎదిరించి, తొలిదశ నుండే మర్దన, మితమైన కదలిక అవసరమని వాదించాడు.

బ్రిటన్‌కు మర్దన అంతకు ముందే భారతదేశం నుండి చేరింది. పాట్నాకు చెందిన షేక్ దీన్ మహమ్మద్ బ్రైటన్‌లో ఆవిరిస్నానశాల నడిపి, ఒళ్లు పట్టే భారతీయ పద్ధతిని ‘షాంపూయింగ్’ పేరుతో ప్రచారం చేశాడు. దానిపై 1822లో పుస్తకం ప్రచురించాడు. అయితే అది స్నానశాలకు సంబంధించిన సేవగానే నిలిచింది. నైపుణ్యం ఉంది, దాన్ని పరీక్షించి ధ్రువీకరించే సంస్థ లేదు.

3. పట్టాతో వచ్చిన గౌరవం, పట్టాతో వచ్చిన హద్దు

1894లో బ్రిటిష్ మెడికల్ జర్నల్, లండన్‌లోని కొన్ని మర్దనశాలల మాటున వ్యభిచారం సాగుతోందని రాసింది. ఆ అపవాదు నిజాయితీగా పనిచేస్తున్న నర్సులనూ తాకింది. అదే ఏడాది లూసీ రాబిన్సన్, రోజలిండ్ పేజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ అనే నలుగురు మహిళలు సొసైటీ ఆఫ్ ట్రెయిన్డ్ మెసూజెస్ అనే సంఘాన్ని స్థాపించారు. సంఘం పరీక్షలు పెట్టింది, ధ్రువపత్రాలు ఇచ్చింది, కఠినమైన నియమాలు విధించింది. వైద్యుని ఆదేశం లేనిదే మర్దన చేయరాదు. పురుషులకు మర్దన చేయడంపై ఆంక్షలుండేవి. సాధారణ పత్రికల్లో ప్రకటనలు ఇవ్వరాదు.

ఈ నియమాలు సంఘానికి మర్యాదను తెచ్చిపెట్టాయి. 1900లో సంఘం చట్టబద్ధంగా నమోదైంది. ఆ మర్యాదకు చెల్లించిన మూల్యం కూడా ఈ నియమాల్లోనే ఉంది. రోగికి ఏమైందో నిర్ణయించే పని వైద్యునిది. చికిత్సకురాలిది ఆ నిర్ణయాన్ని చేతులతో అమలు చేసే పని. తరువాత స్వీడిష్ వ్యాయామాలు, విద్యుచ్చికిత్స వంటి అంశాల్లో అదనపు పరీక్షలు వచ్చాయి. వీటితో చికిత్సకురాలి చేతికి కొత్త పద్ధతులు అందాయి కాని నిర్ణయాధికారం అందలేదు.

4. యుద్ధం నేర్పిన పాఠం

మొదటి ప్రపంచ యుద్ధం ఈ పరిస్థితిని కదిలించింది. 1914లో అల్మెరిక్ పేజెట్, ఆయన భార్య పౌలీన్ తమ ఖర్చుతో 50 మంది శిక్షితులైన చికిత్సకురాళ్లను సైనిక ఆసుపత్రులకు పంపడానికి ముందుకు వచ్చారు. ఆ దళం వేగంగా విస్తరించింది. తుపాకీ గాయాలు, తెగిన నరాలు, బిగుసుకుపోయిన కీళ్లు, అంగచ్ఛేదం జరిగిన కాళ్లు చేతులు ఒకే వార్డులో ఎదురయ్యాయి. పౌర జీవితంలో సంపాదించిన ధ్రువపత్రం వీటికి సరిపోలేదు. ఆర్థోపెడిక్ ఆసుపత్రులే వారికి రెండవ పాఠశాలలయ్యాయి. సెయింట్ థామస్ ఆసుపత్రికి చెందిన డాక్టర్ జేమ్స్ మెన్నెల్ రచనలు ఈ కాలపు అవసరానికి తోడ్పడ్డాయి. ఎముక విరుగుళ్లకు కదలిక, మర్దనలతో చికిత్స చేయడం గురించి ఆయన 1911లోనే పుస్తకం రాశాడు; 1917లో మర్దన సూత్రాలపై మరొకటి వెలువరించాడు. బలప్రయోగం కంటే మృదుత్వం, లయ ముఖ్యమన్నది ఆయన బోధనలో కీలకాంశం.

1915లో ఆర్థర్ పియర్సన్ స్థాపించిన సెయింట్ డన్‌స్టన్స్ ఆశ్రయంలో చూపు కోల్పోయిన సైనికుల్లో కొందరు మర్దన నేర్చుకుని సంఘం పరీక్షల్లో ఉత్తీర్ణులయ్యారు. మహిళల సంఘంగా మొదలైన ఈ వృత్తి 1920లో రాజశాసనం పొంది, పురుషులకూ సభ్యత్వం కల్పించింది. 1944లో చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీగా పేరు మార్చుకుంది. పేరులోంచి ‘మర్దన’ తొలగిపోవడం గమనార్హం.

5. సిరియాక్స్: చేతి నుండి నిదానానికి

పట్టా తరువాతి చదువు స్వభావాన్ని మార్చినవారిలో జేమ్స్ సిరియాక్స్ (1904–1985) ముఖ్యుడు. ఆయన తండ్రి ఎడ్గార్, మాతామహుడు హెన్రిక్ కెల్‌గ్రెన్ ఇద్దరూ స్వీడిష్ చికిత్సా సంప్రదాయానికి చెందినవారు. సెయింట్ థామస్‌లో మెన్నెల్ అనంతరం ఆ బాధ్యతలు సిరియాక్స్ స్వీకరించాడు. నొప్పి ఉన్నచోటే దాని మూలం ఉండకపోవచ్చునని ఆయన పదేపదే బోధించాడు. రోగి తానుగా కదిలించినప్పుడు, చికిత్సకుడు కదిలించినప్పుడు, అడ్డుపట్టిన బలానికి ఎదురుగా రోగి ప్రయత్నించినప్పుడు నొప్పి ఎలా మారుతుందో వరుసగా పరీక్షించాలి. అడ్డుపట్టినప్పుడు నొప్పి వస్తే కండరం లేదా స్నాయువును, ఇతరులు కదిలించినప్పుడు వస్తే కీలు పొరను లేదా బంధకాన్ని అనుమానించాలి. ఆ తరువాతే దెబ్బతిన్న చోట తంతువులకు అడ్డంగా లోతైన రుద్దుడు చేయాలి.

సిరియాక్స్ వైద్యుడే. అయినా ఈ పరీక్షా క్రమాన్ని తన ఆసుపత్రి విద్యార్థులకూ, అప్పటికే అర్హత పొందిన ఫిజియోథెరపిస్టులకూ నేర్పాడు. ఎక్కడ రుద్దాలో వెతికి తెలుసుకోగలిగిన వ్యక్తి కేవలం ఆదేశపాలకురాలిగా మిగలదు. 1977లో ఆరోగ్యశాఖ సర్క్యులర్, చికిత్స స్వరూపాన్నీ కాలపరిమితినీ నిర్ణయించుకునే సామర్థ్యం చికిత్సకులకు ఉందని అంగీకరించింది. దీనికి ఒక్క సిరియాక్స్ బోధనే కారణమనలేం. వృత్తిసంఘం దీర్ఘకాల పోరాటమూ, విద్యాప్రమాణాల పెరుగుదలా తోడయ్యాయి. అయితే నిదానం నేర్చిన చేతులు ముందుగా తయారుకాకుంటే ఆ అంగీకారానికి ఆధారం ఉండేది కాదు.

6. స్వేచ్ఛతో వచ్చిన బాధ్యత

నిర్ణయం చికిత్సకులదైనప్పుడు, ఆ నిర్ణయానికి జవాబుదారీ కూడా వారిదే అవుతుంది. 2006లో బ్రిటన్ నియంత్రణ మండలి నిరంతర విద్యను నమోదు కొనసాగింపుకు షరతుగా చేసింది. ఇన్ని గంటలు హాజరు కావాలని అది నిర్దేశించలేదు. నేర్చుకున్నది సాధన నాణ్యతను పెంచిందా, సేవ పొందినవారికి మేలు చేసిందా అని ఆధారాలతో చూపమని కోరింది.

ఈ ప్రశ్న మర్దనకే ఎదురు తిరిగిందనడానికి సిరియాక్స్ రుద్దుడే ఉదాహరణ. మోచేయి, మోకాలి పక్కభాగపు స్నాయువు నొప్పులపై 2014లో వెలువడిన కాక్రేన్ సమీక్షకు దొరికినవి రెండు ప్రయోగాలే. వాటిలో పాల్గొన్నవారు 57 మంది. ఆ పద్ధతి మేలు చేస్తుందని గాని చేయదని గాని చెప్పడానికి ఆ ఆధారం చాలదని సమీక్ష తేల్చింది. దశాబ్దాల పాటు శిక్షణ తరగతుల్లో విశ్వాసంతో బోధించిన పద్ధతికి దొరికిన సాక్ష్యం ఇంతే. నిరంతర విద్యలో కొత్తది చేర్చుకోవడంతో పాటు పాతదాన్ని తూచి చూడటమూ భాగమేనని ఇది సూచిస్తుంది.

7. ముగింపు

బ్రిటన్ అనుభవంలో పట్టా తరువాతి చదువు నాలుగు దశల్లో సాగింది. మొదట అది మర్యాదకు రక్షణ కవచం. యుద్ధకాలంలో అవసరం నేర్పిన విద్య. ఆపై నిర్ణయాధికారానికి సోపానం. చివరికి ఆ అధికారాన్ని ప్రశ్నించుకునే పద్ధతిగానూ పరిణమించింది. భారతదేశంలో 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఫిజియోథెరపీని గుర్తింపు పొందిన వృత్తుల్లో చేర్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కళాశాలల్లో ఈ విద్యను బోధించేవారికి పై చరిత్ర ఒక ప్రమాణాన్ని అందిస్తుంది. ఒక శిక్షణ తరగతి విలువను హాజరుపట్టీతో కొలవలేం. తరగతి ముగిశాక రోగిపై చెయ్యి వేయడానికీ, అవసరమైనప్పుడు వేయకుండా ఆగడానికీ చికిత్సకులు కారణం చెప్పగలుగుతున్నారా అన్నదే దాని కొలబద్ద.