గోల్కొండ ముట్టడి (1687)

గోల్కొండ ముట్టడి 1687 జనవరి చివర మొదలై సెప్టెంబర్ 21న ముగిసింది. మొగలు చక్రవర్తి ఔరంగజేబు స్వయంగా దగ్గరుండి నడిపించిన ఈ ముట్టడితో కుతుబ్‌షాహీల పాలన అంతమైంది. దక్కన్ సుల్తానులపై మొగలులు సాగించిన సుదీర్ఘ యుద్ధంలో ఇది చివరి ఘట్టం. కోట నేటి హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున ఉంది.

నేపథ్యం

1656లో యువరాజుగా ఉన్నప్పుడే ఔరంగజేబు గోల్కొండను ముట్టడించాడు. తండ్రి షాజహాన్ ఆజ్ఞతో వెనుదిరిగాడు. ఆ తర్వాత అబ్దుల్లా కుతుబ్‌షా మూసా బురుజు, నయా కిలా కట్టించి కోటను పటిష్ఠం చేశాడు. 1672లో గద్దెనెక్కిన అబుల్ హసన్ తానీషా పాలనాధికారాన్ని మంత్రి మాదన్నకు అప్పగించాడు. 1677లో మరాఠా పాలకుడు శివాజీతో ఒప్పందం చేసుకున్నాడు. ఈ రెండూ ఔరంగజేబుకు కంటగింపయ్యాయి. 1685లో మొగలు యువరాజు షా ఆలం హైదరాబాదు నగరాన్ని ఆక్రమించగా తానీషా గోల్కొండలో తలదాచుకున్నాడు. 1686 మార్చిలో అక్కన్న, మాదన్న సోదరులు హత్యకు గురయ్యారు. సెప్టెంబరులో బీజాపూర్ లొంగిపోవడంతో మొగలు సేన ఇటు మళ్లింది.

ముట్టడి

ఆరంభంలోనే మొగలు సేనాని కిలిచ్ ఖాన్ ఫిరంగి గుండు తగిలి మరణించాడు. తానీషాతో రహస్యంగా ఉత్తరాలు నడిపాడన్న ఆరోపణపై షా ఆలంను తండ్రి ఔరంగజేబే బంధించాడు. మే నెలలో మొగలు సేనాని ఫిరోజ్ జంగ్ మనుషులు రాత్రివేళ నిచ్చెనలతో గోడ ఎక్కబోగా, కుక్క మొరిగి కాపలావారిని లేపిందని చెబుతారు. జూన్‌లో గోడ కింద పెట్టిన మందుపాతరలు ఎదురు తిరిగి మొగలు సైనికులనే బలిగొన్నాయి. కుండపోత వానలు, కరువు, అంటురోగాలు శిబిరాన్ని కుంగదీశాయి.

పతనం

చివరికి కోటలోని అధికారి సరందాజ్ ఖాన్ లంచానికి లొంగి, సెప్టెంబర్ 21 తెల్లవారుజామున దొడ్డిదారి ద్వారం తెరిచాడు. మొగలు సేనాని రుహుల్లా ఖాన్ బలగం లోపలికి చొరబడింది. తానీషా పక్షాన అబ్దుల్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలైనా చివరిదాకా పోరాడాడు. ప్రాణాలతో బయటపడి తర్వాత మొగలు కొలువులో చేరాడు.

ఫలితాలు

తానీషాను దౌలతాబాద్ కోటలో బంధించారు. శేషజీవితం అక్కడే గడిపిన అతని సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. గోల్కొండ రాజ్యం మొగలు సుబాగా (రాష్ట్రంగా) మారింది. మరాఠాలతో యుద్ధం మాత్రం ఆగలేదు. ఔరంగజేబు ఢిల్లీకి తిరిగి వెళ్లకుండానే 1707లో దక్కన్‌లోనే మరణించాడు. కిలిచ్ ఖాన్ మనుమడు నిజాముల్ ముల్క్ 1724లో ఇదే ప్రాంతంలో అసఫ్‌జాహీ పాలనకు పునాది వేశాడు.