రాధాకృష్ణరావుగారి 1945వ సంవత్సరపు వ్యాసము

ఆచార్యుల చరిత్రములు వ్రాయువారు తఱచుగా వారి పదవులను, బిరుదములను వరుసగాఁ బేర్కొందురు. ఏ ప్రశ్న వారిని పరిశోధనకుఁ బురికొల్పెనో యది మఱుఁగునఁ బడిపోవును. సాంఖ్యకశాస్త్రమున జగద్విఖ్యాతులైన కల్యంపూడి రాధాకృష్ణరావుగారి విషయమున నీ లోపము మఱింత స్పష్టము.

రావుగారు 1920 సెప్టెంబరు 10వ తేదీన, నాఁటి బళ్లారి మండలములోని హడగలియందుఁ దెలుగువారి యింట జన్మించిరి. తండ్రిగారు పోలీసు ఉద్యోగి యగుటచే బాల్యవిద్య పలుయూళ్ల జరిగినది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమునందు ఎం.ఏ. పట్టము నొంది, యుద్ధకాలమున సైన్యపు సర్వేశాఖలో నుద్యోగము గోరి కలకత్తాకుఁ బోయిరి. అది దొరకలేదు. బసలోఁ గలిసిన యొకరు భారత సాంఖ్యక సంస్థలో శిక్షణ పొందుచుండిరి. ఆ పరిచయమే రావుగారి నా సంస్థకుఁ జేర్చినది. 1941 జనవరిలో నందుఁ బ్రవేశించిరి. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయమున సాంఖ్యకశాస్త్రమునందును ఎం.ఏ. పట్టము నొంది, యచ్చటనే బోధకులైరి.

అన్నము పక్వమైనదో లేదో యెఱుఁగుటకు రెండు మెతుకులు పట్టి చూతుము. ఆ మెతుకులు చెప్పఁగల సమాచార మెంత? దానినిబట్టి కట్టిన యంచనాలో దోషము నెంతవఱకుఁ దగ్గింపవచ్చును? ఇది యీ శాస్త్రమునకు మూలప్రశ్న. మచ్చులు మిక్కిలి యెక్కువైనప్పు డీ దోషమునకుఁ గనిష్ఠావధి కలదని ఆంగ్లశాస్త్రజ్ఞులైన ఫిషరుగారు చూపియుండిరి. 1944లో రావుగారు దీనిని బోధించుచుండఁగా, దండేకరను విద్యార్థి, మచ్చులు కొలఁదిగా నున్నప్పు డేమగునని యడిగిరి. (వీరే తరువాత నర్థశాస్త్రవేత్తలుగాఁ బ్రసిద్ధులైరి.) రావుగారు నాఁటి రాత్రియే దానిని సాధించి మఱునాఁడు తరగతిలో వినిపించిరి.

మఱుసటి యేఁడు కలకత్తా గణితసంఘపు పత్రికలోఁ బ్రకటింపఁబడిన పదునొకండు పుటల వ్యాసమున కిదియే బీజము. స్వీడను దేశీయులైన క్రామరుగారు 1946లోఁ దమ గ్రంథమున నా ఫలితమునే స్వతంత్రముగాఁ బ్రకటించుటచే దానికి క్రామర్-రావు అసమత యను పేరు కలిగినది. అయినను ఫ్రాన్సు దేశమున ఫ్రెషేగారు 1943లోనే యిట్టి ఫలితమును వెలువరించియుండిరి. కావున రావుగారే దీనికిఁ బ్రథమకర్తలని కొందఱు వ్రాయుట చరిత్రకు సరిపడదు. వారి ప్రతిభకు నిట్టి యతిశయోక్తి యక్కఱలేదు. ఆ వ్యాసముననే యంచనాను మెఱుఁగుపఱచు పద్ధతియొకటి కలదు. బ్లాక్‌వెల్‌గారు 1947లో దానినే స్వతంత్రముగాఁ గనుఁగొనిరి. సంభావ్యతా విభాజనముల నడుమ దూరమును జ్యామితిరీతిఁ గొలుచు భావమును నందే కలదు. అది శాఖగా విస్తరించుటకుఁ బెక్కు దశాబ్దములు పట్టినది.

1947లో రావుగారు రచించిన లంబవ్యూహములు యంత్రశిల్పులకు మిగుల నుపకరించినవి. అన్ని కలయికలను బరీక్షింపక, క్రమముగా నెన్నుకొన్న కొన్నింటితోనే ప్రతికారణముయొక్క ప్రభావమును దేల్చుట వానివలన సాధ్యమైనది. జపానుదేశపు టాగుచిగారు వస్తువుల నాణ్యతను బెంచుటకై యిట్టి వ్యూహములనే కర్మాగారములలోఁ బ్రచారమునకుఁ దెచ్చిరి.

కేంబ్రిడ్జిలో సూడానుదేశపుఁ బురాతనాస్థులను గొలుచుచు, ఫిషరుగారి శిష్యులై 1948లో డాక్టరు పట్టము నొందిరి. తరువాత భారత సాంఖ్యక సంస్థలోను, 1979 మొదలు అమెరికాలోను ఆచార్యులైరి. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమానము వారికిఁ బ్రకటింపఁబడినపు డెత్తి చెప్పఁబడినది డెబ్బదియెనిమిదేండ్లనాఁటి యా వ్యాసమే. ఆ యేఁట ఆగస్టు 22వ తేదీన, నూటరెండేండ్ల వయస్సున రావుగారు దివంగతులైరి.