మిద్దె మీది ఎండ

ఎర్రగుంట్ల నుంచి ముద్దనూరుకు రైల్లో పోతుంటే చాలా దూరం నుంచే పొడవాటి పొగగొట్టాలు కనిపిస్తాయి. జనం నోట అది ముద్దనూరు ఆర్టీపీపీ. నిజానికి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ల దగ్గర. తెలుగులో దొరికిన తొలి శాసనంగా పండితులు చెప్పేది, క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించినది, బయటపడింది కూడా ఆ ఊళ్లోనే. ఒకే ఊరు మన భాషకు తొలి రాతనూ, సీమకు తొలి పెద్ద బొగ్గు కరెంటునూ ఇచ్చింది. అయితే ఈ నేలలో శక్తి చరిత్ర పొగగొట్టాలతో మొదలుకాలేదు. ఇంటివాళ్ల చేతిలో ఉన్న శక్తి ఒకటి, ఇంటి పక్కనుంచి సాగిపోయి ఎక్కడో ఖర్చయ్యే శక్తి మరొకటి. నూటయాభై ఏళ్లుగా రెండోది పెరుగుతూ వచ్చింది, మొదటిది తరుగుతూ పోయింది. మిద్దె మీద సోలార్ పలకలు పెట్టుకుని, ఆ కరెంటుతో స్కూటర్ నడుపుకోవడాన్ని చాలామంది కొత్త కాలపు షోకుగా చూస్తున్నారు. నాకు మాత్రం అది ఆ మొదటి పాయ మళ్లీ పారడంలాగే కనిపిస్తుంది.

ఆ మొదటి పాయ ఎలా ఉండేదో చూడాలంటే పాత మిద్దె ఎక్కాలి. వాన తక్కువ, ఎండ ఎక్కువ అయిన ఈ ప్రాంతంలో వాలు కప్పు అవసరపడలేదు. దూలాల మీద దంతెలు, వాటిమీద కట్టెలు పరిచి, పైన చౌడు మన్ను మెత్తేవారు. నీటిని లోపలికి దిగనివ్వని ఆ మట్టిని వానలకు ముందు మళ్లీ పరిచేవారు. ఇంట్లోకి వెలుతురు రావడానికి కప్పులో గవాచి ఉండేది. శెనక్కాయలు, మిరపకాయలు, వడియాలు ఎండేది మిద్దె మీదే, ఎండాకాలం రాత్రి ఇంటిల్లిపాదీ పడుకునేదీ అక్కడే. అంటే ఎండను పనికి పెట్టుకునే చోటుగా ఇంటికప్పును వాడుకోవడం ఇక్కడ తరాల నాటి అలవాటు. కిందికి దిగితే కపిల బావి. తోలు బానకు మోకు కట్టి, ఎద్దులను వాలు దారిలో కిందికి తోలుతూ, తోలేవాడు తానూ మోకు మీద కూర్చుని బరువు కలిపేవాడు. ఆ ఎద్దులే పొద్దున నీళ్లు తోడేవి, సంతనాడు బండి లాగేవి. అవి మేసింది సొంత చేలో పండిన జొన్న చొప్ప. ఒకే ఇంటి ఎండ, ఒకే ఇంటి మేత నీటికీ ప్రయాణానికీ సరిపోయిన ఏర్పాటు అది. ఇదంతా పోయిన కాలాన్ని పొగడడం కాదా అంటే, ఆ ప్రశ్నలో న్యాయముంది. కొద్దిపాటి మడి తడపడానికి మనిషీ ఎద్దులూ పూటంతా తిరిగేవారు. ఎద్దులు లేనివాళ్లు ఉన్నవాళ్ల దగ్గర కూలికి పోయేవారు. కాబట్టి నేను కోరుతున్నది కపిల కాదు. ఇంటికి కావలసిన శక్తి లెక్క ఇంటివాళ్ల కళ్ల ముందు ఉండడం, అంతే.

ఆ లెక్క చేజారడం కంపెనీల కాలంలో మొదలైంది. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి కర్నూలు - కడప కాలువ తవ్వింది. నీటిపారుదలతోపాటు పడవలు నడపాలన్నది కూడా ఆలోచన. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి 1882లో కాలువ ప్రభుత్వం చేతికి వచ్చింది. నీళ్లు చేనికి చేరినంత మేర అది నిలిచింది, పడవ దారి నిలవలేదు. అదే కాలంలో మద్రాసు రైల్వే కడప, ముద్దనూరు, గుత్తి మీదుగా సాగి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. ముద్దనూరుకు స్టేషను దక్కింది. బట్టకూ బంగారానికీ పేరుమోసిన ప్రొద్దుటూరును మాత్రం రైలు ముట్టుకోలేదు. ఎర్రగుంట్ల - నంద్యాల లైనులో 2016లో ప్రయాణికుల రైళ్లు తిరిగే దాకా ఆ ఊరి సరుకూ జనమూ ముందు బండ్ల మీద, తర్వాత బస్సుల్లో, లారీల్లో ఎర్రగుంట్ల దారి పట్టారు. పెద్ద పథకం ఎవరి అవసరాన్ని చూసి గీత గీస్తుందో ఆ గీత పక్కనున్న ఊరికి బాగా తెలుసు. ఈ మూడు నాలుగు పట్టణాల మధ్య రోజూ తిరిగే పదీ ఇరవై మైళ్ల రాకపోకలకు రైలు ఎప్పుడూ జవాబు కాలేదు. ఎద్దులబండి తర్వాత ఆ పని మీద వేసుకున్నది మోటారు సైకిలూ ఆటోనే, రెండూ పెట్రోలు, డీజిల్ మీద బతికేవే.

1994లో ఆర్టీపీపీ మొదటి యూనిట్ పని మొదలుపెట్టింది. ఒక్కొక్కటి 210 మెగావాట్ల యూనిట్లు అయిదు, 2018లో వచ్చిన 600 మెగావాట్ల ఆరోది కలిపి మొత్తం 1650 మెగావాట్లు. లైను చివర వోల్టేజీ పడిపోయే సీమకు అది చేసిన మేలును తక్కువ చేసి మాట్లాడకూడదు. కానీ బొగ్గు సింగరేణి నుంచి వందల కిలోమీటర్లు రైల్లో వస్తుంది, నీళ్లు పెన్నమీది మైలవరం జలాశయం నుంచి వస్తాయి, బూడిద ఇక్కడే మిగులుతుంది. రవాణా ఖర్చు యూనిట్ ధరలో చేరుతుంది కాబట్టి, చౌక కరెంటును ముందు కొనే పద్ధతిలో ఈ కేంద్రం వెనక వరుసలో నిలబడాల్సి వస్తోంది. పులివెందుల వైపు తిరిగితే వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని. అక్కడి ఖనిజం దూరాన ఉన్న అణు కేంద్రాలకు పోతుంది, వ్యర్థాల చెరువు పక్క పల్లెల్లో బోర్ల నీళ్ల గురించిన ఆందోళన ఉండిపోయింది. మైలవరం మండలంలో 1000 మెగావాట్ల సోలార్ పార్కు తలపెట్టారు. 2017 ఏప్రిల్‌లో అందులో 250 మెగావాట్లకు యూనిట్ 3.15 రూపాయల ధర పలికింది, అప్పటికి దేశంలో అది రికార్డు. ఎండ కరెంటు చౌక అని దేశానికి చాటిన ఊళ్లలో ఇదొకటి. మెగావాటుకు అయిదెకరాల చొప్పున చూసినా వెయ్యి మెగావాట్లకు అయిదు వేల ఎకరాలు కావాలి. బొగ్గు, యురేనియం, ఎండ మూడూ ఈ నేల మీదుగా తీగల్లోకి ఎక్కాయి. పార్కు గ్రిడ్డుకు అవసరం, దాన్ని కాదనను. ఆ పలకల కింద నేల పోగొట్టుకున్న పల్లె మాత్రం ఇప్పటికీ కరెంటు కొనుక్కునేదే, అమ్మేది కాదు.

ఇక్కడ ఉచిత విద్యుత్తు మాట తప్పదు. 1983 తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వం వ్యవసాయ మోటార్లకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల లెక్క పెట్టింది. 2004 మే 14న పులివెందుల ఎమ్మెల్యే వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం ఉచిత విద్యుత్తు ఫైలు మీదే చేశారు. కరువు సీమ రైతుకు అది ఊపిరి పోసింది, దాన్ని తప్పుపట్టే హక్కు నీళ్లున్న డెల్టా వాళ్లకు లేదు. అయినా ఒక సంగతి చెప్పుకోవాలి. కపిల రోజుల్లో ఎద్దులు అలిసిపోతే నీళ్లు ఆగేవి. కొలత లేని కరెంటుకు అలుపు లేదు, చీనీ తోటల కింద బోర్లు ఏటేటా లోతుకు పోయాయి. శక్తి ఎంత ఖర్చవుతోందో వాడేవాడికి కనపడకపోతే ఆ బరువు మరోచోట, ఇక్కడైతే భూగర్భజలం మీద, పడుతుంది. మిద్దె మీది పలకకు కట్టిన నెట్ మీటర్ ఇందుకు భిన్నం. ఎంత పండింది, ఎంత తిన్నాం, ఎంత మిగిలింది అన్నది ధాన్యపు గాదె లెక్కలాగా ఇంటివాళ్లకు కనపడుతుంది.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల కేంద్ర రాయితీ ఉంది. రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్ల వరకు ఉచితమన్నారు, బీసీలకు అదనపు సాయం ప్రకటించారు. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల లెక్కన మూడు కిలోవాట్లు పన్నెండు యూనిట్లు ఇస్తాయి. ముద్దనూరు నుంచి ప్రొద్దుటూరుకు పోయి రావడమంటే యాభై కిలోమీటర్ల మాట, కరెంటు స్కూటరుకు ఛార్జింగ్ నష్టంతో కలిపి రెండు యూనిట్లు చాలు. ఒక లీటరు పెట్రోలు పని అది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. రాత్రి ఛార్జింగ్ పెడితే ఆ కరెంటు కలమళ్ల బొగ్గుదే కదా, పొగ స్కూటరు నుంచి పొగగొట్టానికి మారిందంతే కదా అంటారు. లెక్క వేద్దాం. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. బొగ్గు కరెంటు యూనిట్‌కు ఇంచుమించు ఒక కిలో. రెండు యూనిట్లకు రెండు కిలోలు. అంటే బొగ్గు మీద నడిపినా లాభం ఉంది గానీ కొంచెమే. ఈ అభ్యంతరంలో సగం నిజం, ఆ సగాన్ని నేను ఒప్పుకుంటాను. నెట్ మీటర్ లెక్క కాగితం మీద సరిపోయినా రాత్రి తీగలో పారేది ఎండ కాదు. కాబట్టి అసలు ప్రశ్న బండిని ఎప్పుడు ఛార్జింగ్ పెడతామన్నది. ఈ ప్రాంతంలో దానికి వీలున్న గడియ ఉంది. మే నెల మధ్యాహ్నం రెండింటికి ప్రొద్దుటూరు వీధుల్లో ఆటో ఎక్కేవారు తక్కువ, పలకలు మాత్రం ఆ వేళకు నిండుగా పండుతుంటాయి. ఆటో చెట్టు కింద ఊరికే ఆగే బదులు ఇంటి తీగకు కట్టుకుంటే అది బొగ్గు ముట్టకుండా సాయంత్రం తిరుగుతుంది. విడదీసే బ్యాటరీ ఉన్న స్కూటరైతే రెండో బ్యాటరీ పగలంతా ఇంట్లోనే నిండుతుంది. ఎండ ముదిరితే కరెంటూ పెరుగుతుందనుకోవడం మాత్రం పొరపాటు. పలక వేడెక్కితే దిగుబడి తగ్గుతుంది, దుమ్ము పడితే ఇంకా తగ్గుతుంది. నాపరాయి, సిమెంటు దుమ్మున్న ఎర్రగుంట్ల వైపు తుడవడం వారం వారం పనే. అయితే ఆ పలకల నీడ వల్ల కాంక్రీటు స్లాబు కాగడం తగ్గి కింది గది చల్లబడుతుంది. చౌడు మిద్దె పోయాక ఇళ్లు పోగొట్టుకున్న చల్లదనంలో కొంతైనా తిరిగొస్తుంది.

నాకు జవాబు దొరకనిది అద్దె ఇంట్లో ఉండేవాళ్ల సంగతి. ఒకప్పుడు ఎద్దులు లేనివాడు ఎలా నిలబడ్డాడో, ఇప్పుడు మిద్దె లేనివాడు అలాగే నిలబడి ఉన్నాడు. బడి, పంచాయతీ ఆఫీసు, మార్కెట్ యార్డు, బస్టాండు కప్పుల మీద పలకలు వేసి, వాటి కింద పగటిపూట ఛార్జింగ్ కేంద్రాలు పెట్టకపోతే ఈ మార్పు సొంతిల్లున్నవాళ్లదే అవుతుంది. జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు మున్సిపాలిటీలు ముందు చేయాల్సిన పని ఇదే, దీన్ని అడగాల్సింది మనమే. ఇక సొంత కప్పు ఉన్నవారికి కావలసిన చోటు లెక్క: మూడు కిలోవాట్లకు సుమారు మూడు వందల చదరపు అడుగులు. ముప్పై ఆరు చదరపు అడుగుల అంకణంతో కొలిస్తే తొమ్మిది అంకణాల లోపే.