బడి పొలిమేరలు

మీ ఊరి పొలిమేర ఎక్కడ ముగియునో మీరెరుగుదురు. చెరువు కట్టయో, పాత వేపచెట్టో, పాతిన రాయియో దానిని చూపును. శిస్తు, నీటి వంతు, పశువుల మేత మొదలగు తగవులన్నియు పెద్దలు ఆ పొలిమేరను బట్టియే తీర్చుచుండిరి. అయితే బిడ్డల చదువునకు కూడ పొలిమేర యుండుననిన మీకు వింతగా తోచవచ్చును. అమెరికా దేశములో అట్టి పొలిమేరలు వేలకొలది కలవు. వాటి చరిత్రలో మన సంఘములవారు ఆలోచింపదగిన సంగతులు కొన్ని యున్నవి గనుక ఈ నెల వాటిని మీ యెదుట పెట్టుచున్నాము.

ఆ దేశపు ప్రభుత్వ పాఠశాలలను నడపునది రాజధానిలోని ప్రభుత్వము కాదు. రాష్ట్రము సైతము చాలవరకు నేరుగా నడుపదు. దేశమంతయు సుమారు 13,000 ముక్కలుగా విభజింపబడియున్నది. ఒక్కొక్క ముక్కకు స్కూల్ డిస్ట్రిక్టు అని పేరు. దానిని మన జిల్లాతో పోల్చకుడి. కొన్ని మన పంచాయతీయంత చిన్నవి, కొన్ని మహానగరమంత పెద్దవి. కావున మనము దానిని బడి మండలమందము. సాధారణముగా ప్రతి మండలమునకు జనులు ఎన్నుకొనిన ఒక సభ యుండును. ఆ సభయే ఉపాధ్యాయులను నియమించి, బడులు కట్టించి, ఖర్చులు జరుపును. ఆ ఖర్చులో పెద్ద భాగము మండలములోని ఇండ్లమీదను భూములమీదను వేసిన పన్ను వలన వచ్చును. కేంద్ర ప్రభుత్వమిచ్చునది సాధారణముగా పదింట ఒక వంతు మాత్రమే. హవాయి ద్వీపములు మాత్రము రాష్ట్రమంతటికి ఒకే మండలముగా నున్నవి.

విద్యా విషయములు లెక్కించు ఆ దేశపు ప్రభుత్వ శాఖ ఈ మండలములను నాలుగు జాతులుగా ఏర్పరచినది: మహానగరము, నగరము చుట్టునున్న పేటలు, చిన్న పట్టణము, పల్లె. ఒక్కొక్కదానిలో మూడేసి తరగతులు, వెరసి 12. పల్లెను సైతము దూరమును బట్టి విడదీసిరి. పెద్ద పట్టణమునకు 5 మైళ్ల లోపునున్న పల్లె ఒక తరగతి, 25 మైళ్లకు ఆవలనున్నది మరియొక తరగతి. ఇది బుద్ధిమంతుల పనియే. బస్సు దిగి నాలుగడుగులు నడిచిన చేరు పల్లెయు, వాగు దాటి పోవలసిన పల్లెయు ఒకటి కావని మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

మొత్తము మండలములలో ఇంచుమించు సగము పల్లెలవే. కాని పిల్లలు మాత్రము మొత్తములో అయిదవ వంతుకు అటు ఇటుగా నుందురు. 2007వ సంవత్సరమున ఆ శాఖవారు పల్లె చదువులను గూర్చి ఒక నివేదిక వెలువరించిరి. అందులోని సంగతి ఆశ్చర్యకరమైనది. పరీక్షలలో పల్లె బిడ్డలు మహానగరపు బిడ్డలకంటె మొత్తముమీద మెరుగుగానే యుండిరి, పేటల బిడ్డలకు మాత్రము వెనుకబడిరి. ఉన్నత పాఠశాల చదువు ముగించుటలోను పల్లెవారు నగరమువారికంటె ముందుండిరి. కాని కళాశాల మెట్టు ఎక్కువారు పల్లెలలోనే తక్కువ. బుద్ధి కొరత వలన ఇట్లు జరుగలేదని ఆ లెక్కలే చెప్పుచున్నవి. మరి దేని వలన జరిగినది? ఇది తెలియుటకు వెనుకకు పోవలెను.

1647వ సంవత్సరమున మసాచుసెట్స్ వలస రాజ్యములోని సభవారు ఒక చట్టము చేసిరి. జనులు లేఖనములు చదువలేకుండ చేయుట సాతానుయొక్క పురాతన తంత్రము గనుక, 50 కుటుంబములున్న ప్రతి ఊరు చదువను వ్రాయను నేర్పువానిని ఒకనిని పెట్టుకొనవలెననియు, 100 కుటుంబములున్న ఊరు పెద్ద బడి నడిపి పిల్లలను హార్వర్డు విద్యాలయమునకు సిద్ధపరచవలెననియు అందులో విధించిరి. గమనించితిరా? ఊరివారు తమ బిడ్డలను తామే చదివించుకొనవలెనను నియమము ఆ దేశములో బైబిలు పఠనము కొరకే పుట్టినది.

1785లో పడమటి భూములను కొలిచినప్పుడు మరియొక మంచి ఏర్పాటు జరిగెను. ఆరు మైళ్ల చదరమును ఒక భాగముగా తీసికొని దానిని 36 ముక్కలు చేసి, అందులో 16వ ముక్కను, అనగా 640 ఎకరములను, బడి కొరకు విడిచిపెట్టిరి. ఇది చదువునప్పుడు సంఖ్యాకాండములోని లేవీయుల పట్టణములు జ్ఞాపకమునకు వచ్చును. ఇశ్రాయేలీయులు తమ స్వాస్థ్యములలోనుండి 48 పట్టణములను, వాటి చుట్టునున్న పొలములను లేవీయులకు ఇయ్యవలసియుండెను. అయితే అక్కడ మరియొక నియమము కూడ కలదు. ఎక్కువగల గోత్రము ఎక్కువ ఇయ్యవలెను, తక్కువగల గోత్రము తక్కువ ఇయ్యవలెను. అమెరికావారు భూమి విడుచుట నేర్చుకొనిరి గాని ఈ రెండవ నియమమును తమ బడులకు అన్వయించుకొనలేదు.

ఎట్లనగా, జనులు పెరిగి దేవాలయమునకు దూరదూరముగా ఇండ్లు కట్టుకొనగా ఊరి మధ్యనున్న ఒక్క బడి చాలదాయెను. ఎవరి మూల వారికి వేరు బడి కావలసివచ్చెను. 1789లో మసాచుసెట్స్‌వారు ఊరిని చిన్న చిన్న మండలములుగా విభజించుకొనుటకు చట్టము వలన సెలవిచ్చిరి. తరువాతి కాలమున ఆ రాష్ట్రపు విద్యా సభకు కార్యదర్శియై, ఉచిత పాఠశాలల కొరకు మిక్కిలి పాటుపడిన హొరేస్ మాన్ అనునతడు ఈ చట్టమును గట్టిగా నిందించెను. చిన్న మండలము తన కలిమిని బట్టి తన బడి నడుపుకొనును. కలిమిలేనిచోట గోడలు కూలును, ఉపాధ్యాయుడు నిలువడు. అయినను ఆ పద్ధతియే దేశమంతట వ్యాపించెను.

ఒక గది, ఒక పొయ్యి, ఒక ఉపాధ్యాయుడు లేక ఉపాధ్యాయిని. ఆరేండ్ల పసివాడును పదునారేండ్ల పడుచువాడును ఒకే కప్పు క్రింద. ఉపాధ్యాయిని వారమునకొక ఇంట భోజనము చేయుచు దినములు గడుపుట చాలచోట్ల వాడుక. ఆదివారమున అనేక చోట్ల ఆ గదియే ఆరాధనాలయము. మన తెలుగు సంఘములలో అనేకము ఇట్లే ఆరంభమైనవని వృద్ధులకు తెలియును. ఒక పాక, ఒక ఉపదేశి. పగలు అక్షరములు, రాత్రి ప్రార్థన. 1930 నాటికి అమెరికాలో ఇట్టి ఏకోపాధ్యాయ పాఠశాలలు సుమారు 1,49,000 ఉండెను. 1940 నాటికి మండలముల సంఖ్య 1,17,000కు పైగా నుండెను.

ఆ దినములలో నగరపు బడియే గొప్పది. అంగళ్లు, కర్మాగారములు నగరములో నుండుటచేత పన్ను అక్కడనే హెచ్చు. విద్యావేత్తలు పల్లె బడిని చూచి జాలిపడి, పది చిన్న బడులను మూసి ఒక పెద్ద బడి కట్టవలెనని బోధించిరి. 1939లో న్యూయార్కునందు కూడిన ఒక సభ బడి బస్సులన్నిటికి పసుపు రంగు నిర్ణయించెను. ఆ బస్సు వెంట పల్లె బిడ్డలు దూరపు బడులకు పోయిరి. దీనిచేత ప్రయోగశాల దొరికెను, గ్రంథాలయము దొరికెను. కాని బడి మూయబడిన ఊరిలో సాయంకాలము జనులు కూడు స్థలము లేకపోయెను, యౌవనస్థులు వెళ్లిపోయిరి, ఆదివారపు సంఘము పలుచనాయెను. పెద్ద బడి మేలును ఎవరును కాదనరు. దాని వెలను మాత్రము పల్లెయే చెల్లించెను.

పసుపు బస్సు అందరి కొరకు రాలేదు. దక్షిణ కరోలినా రాష్ట్రములో క్లారెండన్ అను ప్రాంతము కలదు. అంతయు ప్రత్తి పొలములు. అక్కడ తెల్లవారి బిడ్డలకు 30 బస్సులుండగా నల్లవారి బిడ్డలకు ఒక్కటియు లేదు. 1949-50లో తెల్ల బిడ్డ ఒక్కనికి 179 డాలర్లు, నల్ల బిడ్డ ఒక్కనికి 43 డాలర్లు ఖర్చు పెట్టిరి. కొందరు పిల్లలు మైళ్లకొలది నడిచిరి. ఆనకట్ట నీరు పైకి తన్నినప్పుడు పడవ వేసికొని బడికి పోయినవారును కలరు.

అక్కడ జోసెఫ్ డిలేన్ అను నల్లజాతి మెథడిస్టు పాదిరి యుండెను. ఆయన పాఠశాల ఉపాధ్యాయుడు కూడ. తలిదండ్రులు చందాలు వేసికొని పాత బస్సు ఒకటి కొనిరి. అది మాటిమాటికి చెడిపోవుచుండెను. కనీసము పెట్రోలు ఖర్చైనను ఇయ్యుడని వారు మండల సభను వేడుకొనిరి. నల్లవారు కట్టు పన్ను స్వల్పము గనుక ఇయ్యజాలమని సభవారు చెప్పిరి. కూలి తక్కువ ఇచ్చినవారే పన్ను తక్కువని నిందించుట చూడుడి!

1948లో లీవై పియర్సన్ అను రైతు న్యాయస్థానమున దావా వేసెను. అతని పేరు మీరు మరువకూడదు. ఆ దావా ఏల కొట్టివేయబడెనో తెలియునా? మండలపు గీత అతని పొలము నడుమనుండి పోవుచుండెను. అతడు పన్ను కట్టునది ఒక మండలములో, పిల్లలు చదువునది మరియొక మండలములో. కాబట్టి అడుగుటకు నీకు హక్కు లేదనిరి. ఆ యేట అతనికి విత్తనములకును ఎరువులకును అప్పు పుట్టలేదు.

అయినను వారు వెనుదీయలేదు. 1949లో డిలేన్ పాదిరి ఇల్లిల్లు తిరిగి సంతకములు కూర్చెను. ఈ పర్యాయము బస్సు మాత్రమే గాక సమానమైన బడినే కోరిరి. మొదటి సంతకము చేసినవారిలో హారీ బ్రిగ్స్, అతని భార్య ఎలైజా ఉండిరి. అతడు పెట్రోలు బంకులో పని పోగొట్టుకొనెను, ఆమె వసతి గృహములో పని పోగొట్టుకొనెను. తర్గూడ్ మార్షల్ అను న్యాయవాది వారి పక్షమున వాదించెను. క్రింది న్యాయస్థానములో ముగ్గురిలో ఇద్దరు న్యాయాధిపతులు వారికి విరోధముగా తీర్పిచ్చిరి. కాని ఈ వ్యాజ్యెము మరికొన్ని వ్యాజ్యెములతో కలిసి పై న్యాయస్థానమునకు పోగా, 1954 మే 17న తొమ్మిదిమంది న్యాయాధిపతులును ఏకగ్రీవముగా, జాతిని బట్టి బిడ్డలను వేరు బడులలో ఉంచుట న్యాయవిరుద్ధమని తీర్చిరి.

పాదిరికి దొరికిన బహుమానమేమి? 1955లో ఆయన దేవాలయము తగులబెట్టబడెను. ఆయన ఇంటిమీద తుపాకులు ప్రేలెను. ఆయన తిరిగి కాల్చగా ఆయనమీదనే నేరము మోపిరి. రాత్రివేళ రాష్ట్రము విడిచి పారిపోయి, 1974లో పొరుగు రాష్ట్రములో మరణించెను. ఆ నేరము కొట్టివేయబడినది 2000వ సంవత్సరమున. 2004లో దేశపు శాసనసభ ఆయనకును, పియర్సన్‌కును, బ్రిగ్స్ దంపతులకును బంగారు పతకములిచ్చి గౌరవించెను. అప్పటికి వారిలో ఎవరును జీవించి లేరు.

ఈ లోగా దేశపు రూపమే మారెను. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత సైనికులకు ఇంటి ఋణములు దొరికెను, పెద్ద రహదారులు వేయబడెను. కలిగినవారు నగరము విడిచి చుట్టునున్న కొత్త పేటలలో కాపురము పెట్టిరి. నల్లవారికి ఆ పేటలలో ఇల్లు అమ్మరాదని అనేక చోట్ల పత్రములలోనే వ్రాసికొనిరి. ధనముతో పాటు పన్నును పేటకు తరలిపోయెను. మునుపు పల్లెను చూచి జాలిపడిన నగరపు బడి ఇప్పుడు తానే జాలికి పాత్రమాయెను.

టెక్సాసులోని శాన్ ఆంటోనియో నగరమును చూడుడి. అక్కడ ఎడ్జ్‌వుడ్ అనునది మెక్సికో సంతతివారైన బీదల మండలము. ఆలమో హైట్స్ అనునది కలిగినవారి మండలము. 1967-68లో ఎడ్జ్‌వుడ్‌వారు ప్రతి 100 డాలర్ల ఆస్తికి 1 డాలరు 5 సెంట్లు పన్ను కట్టిరి. ఆలమో హైట్స్‌వారు 85 సెంట్లే కట్టిరి. అయినను అన్ని వనరులు కలిపి ఎడ్జ్‌వుడ్ బిడ్డకు దొరికినది 356 డాలర్లు, ఆలమో హైట్స్ బిడ్డకు 594 డాలర్లు. ఎక్కువ భారము మోసినవానికి తక్కువ రొట్టె!

విమాన స్థావరములో రేకుల పని చేయు డెమెట్రియో రాడ్రిగెజ్ అను తండ్రి, ఇరుగుపొరుగు తలిదండ్రులతో కూడి 1968లో దావా వేసెను. 1973లో పై న్యాయస్థానము అయిదుగురు ఒక ప్రక్క, నలుగురు ఒక ప్రక్కగా చీలి, రాజ్యాంగము బడి ఖర్చులో సమానతను వాగ్దానము చేయలేదని తీర్చెను. మరుసటి ఏడు డెట్రాయిట్ నగర వ్యాజ్యెములోను ఇట్లే అయిదుగురు, నలుగురుగా చీలిరి. నగరపు బిడ్డలను చుట్టునున్న 53 పేట మండలముల బిడ్డలతో కలిపి చదివింపవలెనను ఏర్పాటును కొట్టివేసిరి. గీతకు ఆవలివారు తప్పు చేసినట్లు రుజువు కాలేదు గనుక గీత దాటకూడదనిరి. ఈ రెండు తీర్పులకును ఎదురు వ్రాసిన న్యాయాధిపతులలో ఒకడు, క్లారెండన్ బిడ్డల పక్షమున వాదించిన ఆ మార్షలే.

టెక్సాసు రాష్ట్రపు న్యాయస్థానము 1989లో, తన రాష్ట్రపు రాజ్యాంగమును బట్టి, ఈ అసమానత చెల్లదని ఏకగ్రీవముగా తీర్చెను. 1993లో ఒక చట్టము వచ్చెను. దానినిబట్టి పిల్లల సంఖ్యకు మించిన ఆస్తిగల మండలము తన సొమ్ములో కొంత ఇతర మండలముల కొరకు విడువవలెను. కలిగినవారు దానికి రాబిన్ హుడ్ చట్టమని దొంగ పేరు పెట్టిరి. 1995లో రాష్ట్ర న్యాయస్థానము దానిని నిలిపెను, అయినను దానిమీద వాదములు ఆగలేదు. ఇట్లు విడువవలసివచ్చిన మండలములలో నగరపు చుట్టునున్న ధనికుల పేటలు మాత్రమే గాక, పడమటి టెక్సాసు మైదానములలోని మారుమూల పల్లె మండలములు కూడ కొన్ని యున్నవి. అక్కడ పిల్లలు కొద్దిమందియే గాని, భూమి క్రింద నూనె బావులున్నవి.