సంచిలో మడిచిన చలువ పందిరి

ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలో, తాల్‌పేరు ఒడ్డున ఉంది బాసగూడ. ఆ నీరే దక్షిణానికి దిగి, మన వైపు తాలిపేరుగా మారి, చర్ల దగ్గర గోదావరిలో కలుస్తుంది. నీటి వెంట మాటా ప్రయాణించింది. ఈ ప్రాంతపు సంతల్లో గోండి, దోర్లీ, హల్బీలతో పాటు తెలుగూ చెవిన పడుతుంది. చింతపండు, ఇప్పపువ్వు గంపలతో అడవి పల్లెల జనం వస్తే, ఉప్పు, బట్టలు, అల్యూమినియం గిన్నెలు, ప్లాస్టిక్ సామాను వేసుకుని వ్యాపారులు వాహనాల్లో దిగుతారు.

ఇలాంటి బస్తర్ సంతలో కొట్టు లేవడానికి ఎక్కువసేపు పట్టదు. టార్పాలిన్ ఒక అంచును బండి పక్క కమ్మీకి కడతారు. రెండో అంచును రెండు వెదురు గుంజల మీదికి లేపుతారు. మోకులు లాగి మేకులకు బిగిస్తారు. సాయంత్రం అదే వరసలో విప్పి, మడిచి, బండిలో పడేస్తారు.

ఇలాంటి నీడకోసమే అమెరికాలోనూ కెనడాలోనూ కారు వెనక తగిలించుకుని తిరిగే చిన్న ఫైబర్‌గ్లాస్ ఇళ్ళకు ఒక పరికరం అమర్చుతారు. దాన్ని బ్యాగ్ ఆనింగ్ అంటారు. బండి పక్కన పొడవాటి సంచి అంటిపెట్టుకుని ఉంటుంది. జిప్పు తీస్తే అందులో చుట్టిన బట్ట, బట్ట చివరి గొట్టంలోనే ఇమిడిన రెండు కాళ్ళు బయటికొస్తాయి. బండికి పట్టిన అంచు, సాగిన బట్ట, రెండు కాళ్ళు, బిగించే తాళ్ళు. సంతలో కనిపించిన సరంజామా అంతా ఇందులోనూ ఉంది. ఈ నాలుగూ ఒకచోట చేరడానికి రెండు వేల ఏళ్ళకు పైగా పట్టింది.

విప్పి మూయగల నీడను పెద్ద ఎత్తున వాడినవాళ్ళు రోమన్లు. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో క్వింటస్ కాటులస్ మొదటిసారి ప్రేక్షకుల తలల మీద బట్ట పరిపించాడని, తర్వాత లెంటులస్ స్పింథర్ నాటకశాల మీద సన్నని నేతబట్ట కట్టించాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. క్రీ.శ. 80లో తెరిచిన కొలోసియం నాటికి అది మహా యంత్రాంగమైంది. కట్టడం పై అంచున స్తంభాలు నిలపడానికి చెక్కిన రాతి దిమ్మెలు నేటికీ కనిపిస్తాయి. మొత్తం 240 ఉండేవని లెక్క. ఆ బట్టను లాగడానికి, దించడానికి నౌకాదళం నుంచి మనుషుల్ని పిలిపించారు. గాలికి ఎదురు బట్టను ఎలా నిలపాలో, ఏ మోకు వదిలితే ఏ అంచు దిగుతుందో తెలిసింది తెరచాపల మీద చేయి తిరిగినవాళ్ళకే మరి! నీడబట్ట పనివాడితనం ఓడల నుంచే నేలమీదికి దిగింది.

మన దేశంలో ఈ విద్య రాజుల విడుదుల్లో పెరిగింది. అక్బరు కాలపు గుడారాలు, శామియానాలు, పక్క తెరల గురించి అబుల్ ఫజల్ అయినె అక్బరీలో విడిగా రాశాడు. ఒకటి విప్పుతుండగా రెండోది ముందు మజిలీలో లేస్తూ ఉండేలా చక్రవర్తికి రెండు వరసల డేరాలుండేవి. 1664 చివర్లో ఔరంగజేబు ఢిల్లీ నుంచి కాశ్మీరుకు కదిలినప్పుడు ఫ్రెంచి వైద్యుడు ఫ్రాంస్వా బెర్నియే ఆ దండుతో నడిచాడు. పాదుషా గుడారానికి పైన ఎర్రబట్ట, లోపల మచిలీపట్నంలో ఆ పనికోసమే చేయించిన పూల అద్దకపు బట్ట ఉండేవని రాసిపెట్టాడు. హిమాలయాల దారిలో చక్రవర్తి తలపైన పరచుకున్నది కృష్ణా తీరపు చేతిపని. కలంకారీ గొప్పదనం చెప్పేటప్పుడు మనవాళ్ళు గోడ తెరలు, దుప్పట్ల వరకే ఆగిపోతుంటారు. డేరా లోపలి బట్టగా అది చేసిన ప్రయాణమూ ఆ చరిత్రలో చేరాలి.

రాజుల డేరాలు ఏనుగులెక్కితే, బంజారాల సరుకు ఎద్దులెక్కింది. తీరం ఉప్పును మధ్య భారతపు అడవి రాజ్యాలకు చేర్చి, తిరుగుదారిలో ధాన్యం మోసిన తండాలు వాళ్ళవి. వాళ్ళు ఇళ్ళలో ఉండరని, ఆలుబిడ్డలతో కలిసి దారిలోనే బతుకుతారని 17వ శతాబ్దంలోనే ఫ్రెంచి యాత్రికుడు తవెర్నియే రాశాడు. ఆ అడవి దారులు అందరినీ రానిచ్చేవి కావు. 1795లో కెప్టెన్ బ్లంట్ అనే ఆంగ్లేయ అధికారి చునార్ నుంచి ఇప్పటి తూర్పుగోదావరి జిల్లాలోని యర్నగూడెం చేరడానికి బయల్దేరాడు. బస్తర్ గుండా పోవాలనుకుంటే భోపాలపట్నం దగ్గర గోండులు అడ్డుకుని వెనక్కి తిప్పారు. ఆ భోపాలపట్నమూ బాసగూడా ఇప్పుడు ఒకే జిల్లా.

ఇక బట్ట సంగతి. వానను ఆపడానికి నావికులు కాన్వాసుకు తారు పూసేవారు. తర్వాత నూలు కాన్వాసుకు మైనం, రాగి లవణాలు పట్టించారు. రైలు వ్యాగన్లూ, సైనిక శిబిరాలూ, ధాన్యపు లారీలూ దాని కిందే నడిచాయి. అది మన్నిక గల బట్ట. అయితే తడిస్తే మోయలేనంత బరువు, ఆరకుండా మడిస్తే బూజు.

దాన్ని పల్లెల నుంచి నెట్టేసిన పదార్థం అనుకోకుండా పుట్టింది. 1933 మార్చి 27న ఇంగ్లండులోని ఐసీఐ ప్రయోగశాలలో రెజినాల్డ్ గిబ్సన్, ఎరిక్ ఫాసెట్ అధిక పీడనంలో ఇథిలీన్ వాయువుతో ప్రయోగం చేస్తుంటే, గిన్నె అడుగున మైనం లాంటి తెల్లటి ముద్ద మిగిలింది. అదే పాలిథీన్. 1953లో కార్ల్ జీగ్లర్ తక్కువ పీడనంలోనే దాన్ని మరింత గట్టిగా తయారుచేసే పద్ధతి కనిపెట్టాడు. అలా వచ్చిన హెచ్‌డీపీఈని సన్నని పట్టీలుగా చీల్చి, మగ్గం మీద నేసి, రెండు వైపులా పలుచని పొర అతికితే నేటి టార్పాలిన్ తయారైంది. అంచులో తాడు కుట్టి, కొంచెం కొంచెం దూరంలో లోహపు కళ్ళు బిగిస్తారు. కల్లాల్లో వడ్ల మీద కప్పే బరకం, పట్టా ఇదే.

బాసగూడ చుట్టుపక్కల పల్లెలకు ఈ పట్టాతో మరో అనుబంధమూ ఉంది. అది తలచుకోవడమే కష్టం. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలయ్యాక బీజాపూర్, సుక్మా ప్రాంతాల పల్లెలు ఖాళీ అయ్యాయి. బాసగూడ జనం చెల్లాచెదురయ్యారు. కొందరు శిబిరాలకు వెళితే, వేలమంది అడవి దాటి అప్పటి ఖమ్మం జిల్లాకు వచ్చారు. గొత్తికోయలుగా మనం పిలిచే ఆ కుటుంబాలు కర్రలు పాతి, ఆకులు, ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని సంసారాలు మొదలుపెట్టాయి. గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒక రోజు సంత నీడకు వాడే వస్తువు ఏళ్ళ తరబడి ఇంటి కప్పుగా మారిన చరిత్ర ఇది. టార్పాలిన్ పుట్టుపూర్వోత్తరాలు రాసే ఎవరూ దీన్ని దాటిపోకూడదు.

సరదా కోసం బండినే ఇల్లు చేసుకోవడం మాత్రం 19వ శతాబ్దపు ముచ్చట. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లండు వాసి బ్రిస్టల్ వ్యాగన్ కంపెనీ చేత గుర్రాలు లాగే ఒక ఇంటిబండి చేయించి, వాండరర్ అని పేరు పెట్టాడు. ఆయన నౌకాదళంలో పనిచేసిన వైద్యుడు. తన బండిని నేలమీద నావగానే లెక్కేసి పుస్తకం రాశాడు. అదే 1885లో కడప జిల్లా సురభిలో వనారస కుటుంబం కీచకవధతో నాటకాలు మొదలుపెట్టి, ఊరూరా డేరాలు వేసుకుంటూ తిరిగింది. తెలుగునాట బండి ఇంటికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఆ తర్వాత దాదాపు వందేళ్ళకు వచ్చింది. 1982లో ఎన్.టి. రామారావు పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చి, దాని పైకప్పునే వేదిక చేసుకుని, అందులోనే నిద్రపోతూ రాష్ట్రమంతా తిరిగారు.

ఫైబర్‌గ్లాస్ బండి కథ 1932 నాటి మరో అనుకోని ఘటనతో మొదలవుతుంది. అమెరికాలో డేల్ క్లీస్ట్ అనే యువ పరిశోధకుడు గాజు దిమ్మెలను అతికించబోతే, గాలి ధార తగిలి కరిగిన గాజు సన్నని పోగులుగా ఎగిరింది. ఆ పోగులను రెసిన్‌తో కలిపి అచ్చులో పోస్తే తేలికైన, తుప్పు పట్టని పెంకు తయారవుతుంది. కెనడాలోని విన్నిపెగ్‌లో రే ఒలెక్కో దానితో సెప్టిక్ ట్యాంకులు చేసేవాడు. 1968లో ఆయన ఆ పనితనాన్నే 13 అడుగుల ఇంటిబండికి వాడాడు. పై చిప్ప, కింది చిప్ప విడివిడిగా పోసి, నడుము దగ్గర కలిపేశాడు. బోలర్ అనే ఆ బండి చిన్న కారు కూడా లాగగలిగేంత తేలిక. కొన్నేళ్ళకే అమెరికాలో స్కాంప్ వంటి బళ్ళు అదే దారి పట్టాయి.

గుండ్రటి పెంకుతో ఒక చిక్కు వచ్చింది. పెద్ద బళ్ళకు తిన్నని గోడలు, లోపల చట్రం ఉంటాయి కాబట్టి బరువైన చేతులున్న ఆనింగ్‌ను బిగించొచ్చు. బోలర్ తరహా బండికి పెంకే గోడ, పెంకే చట్రం. తలుపు పైన తిన్నగా ఉండే భాగమూ కొంచెమే. అందుకే తేలికైన సంచి ఆనింగ్ దానికి సరిపోయింది. ఇటలీలో 1945 నుంచి ఉన్న ఫియామా వంటి సంస్థలు తయారుచేసే ఈ సరుకులో బట్ట అంచున లావుపాటి తాడు కుట్టి ఉంటుంది. బండికి బిగించిన సన్నని అల్యూమినియం పట్టీలో గాడి ఉంటుంది. ఒక కొస నుంచి ఆ అంచును గాడిలోకి జార్చుకుంటూ పోవాలి. ఈ కాలపు తెరచాప పడవల్లో గాడి ఉన్న స్తంభానికి చాప ఎక్కించే పద్ధతీ ఇదే.

బిగింపులో ఓపిక కావాల్సిందల్లా పట్టీ దగ్గరే. ముందుగా తలుపు తెరిచి, దాని పై అంచు బట్టకు తగలనంత ఎత్తు గుర్తుపెట్టాలి. రంధ్రం పడే చోట కాగితపు టేపు అంటిస్తే పైపూత పెచ్చులూడదు. పెంకు పలుచన కాబట్టి ఒక్కో మర బరువు ఒక్క బిందువు మీద పడితే చుట్టూ బీటలొస్తాయి. లోపలి వైపు వెడల్పాటి వాషర్లో, అల్యూమినియం బద్దో పెట్టి బరువును పంచాలి. పట్టీకీ పెంకుకూ నడుమ సాగే గుణమున్న బ్యూటైల్ టేపు పరవాలి. వానకాలంలో నీరు దూరేది ఈ రంధ్రాల నుంచే. బట్టను గాడిలోకి ఎక్కించేటప్పుడు ఇద్దరు మనుషులుండాలి. చివరగా రెండు కొసల్లో అడ్డు మరలు వేస్తే దారిలో జారిపోదు.

బట్టలోనూ రెండు రకాలు. వినైల్ పూత ఉన్నది నీటిని పూర్తిగా ఆపుతుంది గానీ, చెమ్మతో చుడితే బూజు పడుతుంది. ఆక్రిలిక్ నేతబట్ట గాలి పీలుస్తుంది. 1961లో అమెరికాలో గ్లెన్ రేవెన్ సంస్థ సన్‌బ్రెల్లా పేరుతో తెచ్చిన బట్ట ఈ తరహాదే. దాని పోగు తీయకముందే ద్రవంలో రంగు కలిపేస్తారు కాబట్టి ఎండకు త్వరగా వెలవదు. ఏది కొన్నా మూడు నియమాలు తప్పవు. వానలో ఒక కాలు కిందికి దించి నీరు ఒక మూలకు పారనివ్వాలి. గాలి లేస్తే వెంటనే చుట్టేయాలి. తడిగా చుట్టక తప్పకపోతే ఎండ రాగానే విప్పి ఆరబెట్టాలి.

బాసగూడ వ్యాపారికి ఈ నియమాలు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆయనకు కావాల్సింది మెరుగైన సామాను. పట్టణాల్లో వీధి వ్యాపారుల కోసం 2014లో కేంద్ర చట్టం వచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో రైతులకు టార్పాలిన్లు రాయితీ మీద ఇచ్చారు. అడవి సంతలో బండి పక్కన నీడ లేపుకునే చిన్న వ్యాపారినీ, గంప ముందు ఎండలో కూర్చునే ఆదివాసీ స్త్రీనీ ఆ లెక్కలో చేర్చాలి. మన్నికైన పట్టా, నాలుగు తేలికపాటి గొట్టాలు, వాటిని బిగించే కొక్కేలు పెద్ద ఖర్చేమీ కావు. బస్తర్‌లోనూ భద్రాద్రి మన్యంలోనూ సంతలు నడిపించే పంచాయతీలు తాము వసూలు చేసే రుసుములో కొంత ఈ పనికి కేటాయించాలి.