కోపనిగ్రహం, సమాధానం: వరంగల్ ప్రాంత క్రైస్తవ జీవనం

క్రైస్తవ బోధలో కోపనిగ్రహం, సమాధానపడటం ఒకే సాధనలోని రెండు దశలు. కోపం పగగా ముదరకుండా మనిషి తనను తాను అదుపులో పెట్టుకోవడం మొదటిది కాగా, ఆ కోపం వల్ల దూరమైన వ్యక్తితో మళ్ళీ కలవడం రెండవది. ఈ రెండవ దశ వ్యక్తిగత మర్యాదకు సంబంధించిన విషయంగా మిగలక ఆరాధనలో పాల్గొనే అర్హతతో ముడిపడి ఉండటం క్రైస్తవ బోధలోని ప్రత్యేకత. కథోలిక, బాప్టిస్టు, దక్షిణ ఇండియా సంఘం అనే మూడు ప్రధాన సంప్రదాయాలు పక్కపక్కనే పెరిగిన వరంగల్ ప్రాంతంలో ఈ బోధ సంస్కారాలలోనూ, సంఘ పెద్దల తీర్పులలోనూ, కులాల మధ్య సంబంధాలలోనూ ఆచరణకు వచ్చిన తీరును ఈ వ్యాసం వివరిస్తుంది.

బైబిలు ఆధారాలు

ఆదికాండం నాలుగో అధ్యాయంలోని కయీను వృత్తాంతంలో హత్య కంటే ముందు కోపమే ప్రస్తావనకు వస్తుంది. తమ్ముడి అర్పణ అంగీకారం పొందినందుకు రగిలిపోయిన కయీనును దేవుడు కారణం అడిగి, తనను అదుపు చేసుకోవలసిన బాధ్యత అతనిదేనని హెచ్చరిస్తాడు. అదే గ్రంథంలోని ముప్పైమూడో అధ్యాయంలో ఇందుకు విరుద్ధమైన ముగింపు కనిపిస్తుంది: అన్నను మోసగించి పారిపోయిన యాకోబు ఏళ్ళ తరువాత తిరిగి వస్తూ మందలను కానుకగా ముందు పంపి, ఏడుసార్లు సాగిలపడగా, ఏశావు పరుగెత్తుకు వచ్చి అతన్ని కౌగిలించుకుంటాడు.

కొత్త నిబంధనలో ఈ విషయానికి మూలాధారం మత్తయి సువార్త ఐదో అధ్యాయంలోని కొండమీద ప్రసంగం. అందులో యేసు సోదరుడి మీద కోపాన్ని నరహత్యతో పాటు విచారణకు లోబడే అపరాధంగా పరిగణించి, బలిపీఠం దగ్గర అర్పణ ఇవ్వబోయేవాడికి తన మీద ఎవరికైనా విరోధమున్నదని గుర్తుకు వస్తే, ఆ కానుకను అక్కడే విడిచి ముందుగా వెళ్ళి సమాధానపడాలని ఆదేశిస్తాడు. ఇక్కడ మొదటి అడుగు వేయవలసినవాడు నొప్పించినవాడు. అదే సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో ఆ బాధ్యత నొచ్చుకున్నవాడి మీద కూడా పడుతుంది: అతడు మొదట ఒంటరిగా వెళ్ళి తప్పు తెలియజెప్పాలి, వినకపోతే ఒకరిద్దరు సాక్షులతో వెళ్ళాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. ఈ రెండు అధ్యాయాలను కలిపి చదివితే, ముందుగా అవతలివాడే రావాలని ఎదురుచూసే అవకాశం ఇద్దరిలో ఎవరికీ మిగలదు.

కోపమంతా పాపమేనని బైబిలు చెప్పదు. విశ్రాంతి దినాన ఊచచెయ్యి గలవాడిని బాగుచేయడానికి అడ్డుపడినవారి కఠినత్వాన్ని చూసి యేసు కోపించాడని మార్కు మూడో అధ్యాయం చెబుతుంది. కోపం పాపానికి దారితీయకూడదని, పొద్దుగుంకేలోగా దాన్ని విడిచిపెట్టాలని పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక బోధిస్తుంది. అన్యాయాన్ని చూసి కలిగే ధర్మాగ్రహానికీ, తనకు జరిగిన అవమానాన్ని పెంచి పోషించుకునే పగకూ మధ్య గీత గీయడం తరువాతి వేదాంతుల పని అయింది.

సంఘ చరిత్రలో కోపం

ఈజిప్టు ఎడారిలో జీవించిన నాలుగో శతాబ్దపు సన్యాసి ఎవాగ్రియస్ సాధకుణ్ణి పడగొట్టే ఎనిమిది దురాలోచనలలో కోపాన్ని చేర్చి, ప్రార్థనను అది ప్రత్యేకంగా చెడగొడుతుందని రాశాడు. ఆరో శతాబ్దం చివర గ్రెగరీ పోపు సవరించిన జాబితా నుంచే ఏడు మూలపాపాల లెక్క స్థిరపడింది. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ కోపాన్ని అన్యాయానికి ప్రతిక్రియగా భావించి, అది వివేకానికి లోబడినంతవరకు దోషం కాదని, హద్దు మీరినప్పుడు పాపమవుతుందని నిర్ణయించాడు.

దీనికి సమాంతరంగా పాపసంకీర్తనం, అంటే గురువు ఎదుట పాపాలు ఒప్పుకొని దేవుని పేర క్షమాపణ పొందే సంస్కారం, కథోలిక సంఘంలో రూపుదిద్దుకుంది. ఏడాదికి ఒకసారైనా పాపసంకీర్తనం చేయాలని 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభ విధించింది. రెండో వాటికన్ మహాసభ తరువాత 1973లో వెలువడిన సవరించిన విధి, దేవునితోనే కాక సంఘంతో కూడా మనిషిని తిరిగి కలిపే సంస్కారంగా దీన్ని వివరించింది. పశ్చాత్తాపం, ఒప్పుకోలు, ప్రాయశ్చిత్తం, గురువు పలికే పాపవిమోచనం ఇందులోని అంగాలు.

వరంగల్ ప్రాంత సంఘాలు

అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1879లో హనుమకొండలో తన కేంద్రాన్ని నెలకొల్పింది. బాప్టిస్టు పద్ధతిలో ప్రతి స్థానిక సంఘమూ స్వతంత్రమైనది కాబట్టి, సభ్యుల మధ్య తగవు వస్తే దాన్ని తీర్చే అధికారం కూడా ఆ సంఘానికే ఉంటుంది. కథోలికుల వరంగల్ మేత్రాసనం, అంటే ఒక పీఠాధిపతి పాలనలోని ప్రాంతం, 1952 డిసెంబరు 22న హైదరాబాదు నుంచి విడివడి ఏర్పడింది. దాని తొలి పీఠాధిపతి ఇటలీ దేశస్థుడైన అల్ఫోన్సో బెరెట్టా, ప్రధానాలయం కాజీపేట ఫాతిమానగర్‌లోని ఫాతిమా మాత దేవాలయం. నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న డోర్నకల్ పూర్వం వరంగల్ జిల్లాలో భాగం. అక్కడి ఆంగ్లికన్ అధ్యక్ష మండలం, అంటే బిషప్పు పాలనలోని ప్రాంతం, 1947లో దక్షిణ ఇండియా సంఘంలో, వాడుకలో సి.ఎస్.ఐ.లో, కలిసింది.

ఆరాధనలో సమాధానం

సమాధానపడిన తరువాతనే అర్పణ అనే సువార్త క్రమం ఈ సంఘాల ఆరాధనలో ప్రత్యక్షంగా కనిపిస్తుంది. సి.ఎస్.ఐ. 1950లో ప్రచురించిన ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం) ఆరాధన క్రమం ఆదిమ సంఘంలోని సమాధాన వందనాన్ని పునరుద్ధరించింది. ఇచ్చేవారు తమ కుడి అరచేతిని పుచ్చుకునేవారి కుడి అరచేతికి ఆనించగా, ఇద్దరూ తమ ఎడమ చేతులను ఎదుటివారి కుడి చేతి మీద మూస్తారు. అలా ఆ వందనం గురువు నుంచి మొదలై చేతి నుంచి చేతికి సభ అంతటా సాగుతుంది. కానుకల సమర్పణకు ముందే దీన్ని ఉంచడం వల్ల మత్తయి ఐదో అధ్యాయపు ఆదేశం ఆరాధన క్రమంలోనే ఇమిడిపోయింది. కథోలికుల దివ్యపూజలో ఇది పరలోక ప్రార్థన తరువాత, సత్ప్రసాద స్వీకారానికి ముందు వస్తుంది. భారతదేశంలో చేతులు జోడించి నమస్కరించడం ద్వారా ఈ వందనం తెలుపుకోవచ్చునని 1969లో రోము ఆమోదించిన పన్నెండు మార్పులలో ఒకటి వీలు కల్పించింది.

గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల వరకు అనేక ప్రొటెస్టెంటు సంఘాలలో సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలను ఒక్కొక్కరు ఒక్కొక్కటిగా వివరిస్తారు. వాటిలో మొదటిది తనను సిలువ వేసినవారిని క్షమించమని చేసిన ప్రార్థన కావడంతో, ఆ మాట వివరించే ప్రసంగీకుడు కుటుంబ కలహాలను, అన్నదమ్ముల ఆస్తి తగాదాలను ప్రస్తావించి, ఈస్టరు బల్లకు ముందే వాటిని తీర్చుకోవాలని పిలుపునివ్వడం పరిపాటి. డిసెంబరు 31 రాత్రి వాచ్ నైట్ ఆరాధన కూడా పాత పగలను విడిచిపెట్టే సందర్భంగా స్థిరపడింది. సభ్యుల మధ్య మాటలు లేవని తెలిసినప్పుడు పాస్టరు అయ్యగారు, పెద్దలు ఇంటికి వెళ్ళి ఇరువురినీ కూర్చోబెట్టి ప్రార్థన చేయించడం, తగవు తెగేవరకు బల్లలో పాలుపొందవద్దని సూచించడం గ్రామ సంఘాలలో కనిపించే పద్ధతి.

డోర్నకల్: జాతి, కులం, ఐక్యత

ఈ ప్రాంత చరిత్రలో సమాధానం అనే బోధకు అత్యంత కఠినమైన పరీక్ష సమూహాల మధ్య ఎదురైంది. తిరునల్వేలికి చెందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యాడు. అంతకు రెండేళ్ళ ముందు ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో, విదేశీ మిషనరీలు భారతీయ సహచరుల కోసం త్యాగాలు చేస్తున్నా వారిని సమానులైన స్నేహితులుగా చూడటం లేదని వారి ముఖం మీదే చెప్పాడు. మనసులో పెట్టుకోకుండా ఎదుటివారికే తప్పు తెలియజెప్పాలనే మత్తయి పద్దెనిమిదో అధ్యాయపు మొదటి మెట్టుకు ఇది బహిరంగ ఉదాహరణ.

డోర్నకల్ అధ్యక్ష మండలంలో క్రైస్తవాన్ని స్వీకరించినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు. వీరి మధ్య తరాలుగా ఉన్న ఎడం బాప్తిస్మంతోనే మాయం కాలేదు. బావి, వాడ, వియ్యం అన్నీ వేరుగా ఉన్న చోట ఒకే బల్ల దగ్గర కూర్చోవడమే పెద్ద మార్పు. సంఘంలో కులభేదం పాటించడాన్ని అజరయ్య గట్టిగా వ్యతిరేకించాడు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ కథీడ్రల్‌లో ఆలయ స్తంభాలను, మసీదు గుమ్మటాలను తలపించే నిర్మాణ రీతులు కలిసి ఉండటం ఆయన దృష్టికి అద్దం పడుతుంది.

ప్రొటెస్టెంటు శాఖల ఐక్యతకు 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశంలో అజరయ్య ప్రముఖ పాత్ర వహించాడు. బిషప్పుల చేత నియమితులు కాని గురువుల సేవ చెల్లుతుందా అనే వివాదం చర్చలను ఏళ్ళ తరబడి సాగదీసింది. అప్పటికే ఉన్న గురువులందరినీ యథాతథంగా స్వీకరించి, ఇకముందు నియామకాలన్నీ బిషప్పుల చేత జరగాలన్న ఒప్పందంతో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాల సంఘాలు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఒకటయ్యాయి. 1945 జనవరి 1న మరణించిన అజరయ్య దాన్ని చూడలేదు. అప్పట్లో డోర్నకల్ అధ్యక్ష మండలంలోనే ఉన్న నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది ఆనాడు బయటే ఉండిపోయి, కొన్ని దశాబ్దాల తరువాత గాని సి.ఎస్.ఐ.లో చేరలేదు.

హద్దులు, విమర్శలు

విశ్వాసులు ఒకరి మీద ఒకరు న్యాయస్థానాలకు ఎక్కడాన్ని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఆరో అధ్యాయం తప్పుపడుతుంది. అయినా సంఘ ఆస్తులు, ఎన్నికలు, పదవుల విషయంలో తెలుగు సంఘాల వ్యాజ్యాలు కోర్టులకు చేరడం అరుదు కాదు. సామాన్య సభ్యుడికి విధించే నియమం నాయకులకు వర్తించకపోవడమే ఈ బోధ ఆచరణలోని ప్రధాన లోపంగా విమర్శకులు పేర్కొంటారు.

క్షమించడమంటే నేరాన్ని దాచడమనే అపార్థం మరొకటి. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ అయిన తన భర్త గ్రాహం స్టెయిన్స్‌ను, ఇద్దరు కుమారులను సజీవదహనం చేసినవారిని క్షమించానని గ్లాడిస్ స్టెయిన్స్ బహిరంగంగా ప్రకటించింది; అయినా న్యాయవిచారణ తన దారిన సాగి, ప్రధాన దోషికి పడిన యావజ్జీవ శిక్షను సుప్రీంకోర్టు 2011లో ఖరారు చేసింది. గృహహింసకు గురైన స్త్రీని రాజీ పేరుతో అదే ఇంటికి తిప్పి పంపే పెద్దల తీర్పు ఈ బోధకు ఒప్పదు, 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ఆమెకిచ్చిన రక్షణకూ అది విరుద్ధం. లూకా పంతొమ్మిదో అధ్యాయంలో జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని మాట ఇచ్చినట్లే, జరిగిన నష్టాన్ని పూడ్చడం సమాధానంలో విడదీయరాని భాగం. అది లేని రాజీ బలవంతుడికి మాత్రమే మేలు చేస్తుంది.